జపాను డోజోలో పలనాటి బిడ్డ

కరాటే యనగానే గుంటూరు, పలనాడు, ప్రకాశము సీమలవారికి మొదట కన్నులకు కట్టునది పురపాలక పాఠశాల మైదానము. తెల్లవారకమునుపే తెల్లని దుస్తులు తొడిగి, నడుమునకు రంగుబెల్టు బిగించి, వరుసలు తీరి నిలిచి, మాస్టారు జపాను భాషలో అంకెలు లెక్కించుచుండగా గాలిలోనికి పిడిగుద్దులు విసరు బాలబాలికలు నేడు నరసరావుపేటలోను, చిలకలూరిపేటలోను, చీరాలలోను, ఒంగోలులోను కానవత్తురు. పత్తి తీతకును మిరపకోతకును కూలీలను కొనిపోవు ఆటోలు ఆ మైదానపు ప్రహరీ ప్రక్కగా సాగిపోవు వేళకే వారి అభ్యాసము సగము ముగిసియుండును. ఆగస్టు పదునైదున ఆ పిల్లలే కవాతు మైదానములో పెంకులు పగులగొట్టి చప్పట్లు అందుకొందురు. వీరిలో కొందరు పెరిగి, ఇంజనీరింగు పట్టా పుచ్చుకొని, చదువునకో కొలువునకో జపాను చేరినపుడు, బాల్యమున విడిచిన బెల్టును ఆ విద్యకు పుట్టినిల్లని తాము విన్న దేశములో మరల కట్టుకొనవలెనని కోరుట సహజము. అట్టివారికి అక్కడ ఎదురగునది యేమి, శిక్షణ యెట్టిది, పోటీలు ఏ తీరున జరుగును, అసలీ విద్య యెవరి చేతులమీదుగా మన మైదానముల వరకు నడచి వచ్చినది అను సంగతులు వారికిని వారి తలిదండ్రులకును తెలియవలసియున్నవి.

కరాటే జపాను ప్రధానద్వీపములలో జన్మించినది కాదు. జపానుకు నైరృతిదిశను, తైవానుకు చేరువగా, సముద్రమధ్యమున పరచుకొనియున్న ర్యూక్యూ దీవులలో పెద్దదియైన ఒకినావా దాని జన్మస్థానము. ఆ దీవులకు ఒకప్పుడు స్వంత రాజ్యము, స్వంత భాష, చీనా దేశముతో శతాబ్దముల నాటి ఓడవర్తకము ఉండెడివి. 1609లో దక్షిణ జపానులోని సత్సుమ ప్రభువులు దండెత్తి ఆ రాజ్యమును లోబరచుకొనిరి. 1879లో జపాను ప్రభుత్వము రాజును తొలగించి దానిని ఒక జిల్లాగా మార్చివేసెను. ఆయుధములు లాగుకొనబడిన రైతులు కొడవళ్ళను, రోకళ్ళను పట్టి పోరాడుటచేత ఈ విద్య పుట్టెనని చెప్పు కథ వినసొంపుగా నుండును గాని, షురి రాజనగరములోని ఉద్యోగివర్గములవారు, నాహా రేవులో చీనావారితో మెలగినవారు దీనిని ఎక్కువగా పోషించిరనుటయే ప్రమాణములకు దగ్గరగా నున్నది. షురి, నాహా, తొమారి అను మూడు చోట్ల మూడు బాణీలు వెలసెను. గురువు ఇంటి పెరటిలో, చీకటి పడిన తరువాత, ఒకరిద్దరు శిష్యులకు మాత్రమే, నోటిమాటగా, చేతి స్పర్శగా ఈ విద్య అందుచుండెను.

ఆ పెరటి తలుపు తెరచిన మహానుభావుడు ఇతోసు అంకో. 1831లో జన్మించిన ఆయన ఏడుపదుల వయస్సున, 1901లో, షురిలోని ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు కరాటే పాఠము ప్రారంభింపజేసెను. 1908లో ఈ విద్యవలన కలుగు ప్రయోజనములను, అభ్యసించు పద్ధతిని పది అంశములుగా వ్రాసి విద్యాధికారులకు సమర్పించెను. ప్రాణాంతకమైన పట్లు గల పాతరీతులు పసివారికి తగవని తలచి, వారి చేతులకు కాళ్ళకు అమరునట్లు ఐదు చిన్న కటాలను కూర్చెను. కటా యనగా ఎదుట శత్రువున్నట్లు భావించి, నియతమైన క్రమమున, నియతమైన దిక్కులకు తిరుగుచు ఒంటరిగా చేయు అభ్యాసము. నేడు నరసరావుపేట బడిపిల్లవాడు బెల్టు పరీక్షకు మొట్టమొదట చేయు కటాలు చాలావరకు ఆ వృద్ధుడు ఒకినావా పసివారికై కూర్చినవే. నూరేండ్లు దాటిన తరువాత, వేల మైళ్ళ దూరమున, నాగార్జునసాగరు కాలువల నేలపై ఆ అడుగులే పడుచున్నవన్న సంగతి తలచినపుడు నాకు ఆ మనీషి దూరదృష్టియెడల అపారమైన గౌరవము కలుగును.

ఇతోసు శిష్యులలో నొకడు ఫునకోషి గిచిన్. 1868లో పుట్టి, ఒకినావాలో ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసిన ఈ సౌమ్యుడు 1922లో టోక్యోలో జరిగిన వ్యాయామ ప్రదర్శనమునకు తన దీవి విద్యను చూపుటకై వెళ్ళెను. అప్పటికాయనకు ఏబదిమూడేండ్లు. జూడో విద్యాస్థాపకుడైన కానో జిగోరో ఆయనను తన కోడోకాన్ శిక్షణాలయమునకు ఆహ్వానించి ప్రదర్శింపజేసెను. కొద్దిదినములలో తిరిగి వచ్చెదనని బయలుదేరిన ఆ మనుష్యుడు పలువురి కోరికపై నిలిచిపోయెను. భార్య ఒకినావాలోనే యుండెను. ఆ వియోగము రెండు దశాబ్దములు దాటినది. టోక్యోలో ఒకినావా విద్యార్థుల వసతిగృహమునందు చిన్నగది యొకటి సంపాదించి, పగలు ఆవరణ యూడ్చుచు, కావలి కాయుచు, సాయంకాలము పాఠము చెప్పుచు, తిండి ఖర్చు తగ్గించుకొనుటకై వంటవానికి కూడ కరాటే నేర్పెనని ఆయన స్వీయచరిత్రములో చెప్పుకొనెను. పరదేశమున దాస్యమువంటి పనులు చేసికొనుచు ఈ విద్యను పట్టుకొని నిలిచిన తొలివారిలో ఆయన యొకడు. నేడు టోక్యోలో అద్దెగదిలో నుండి డోజోకు, అనగా శిక్షణశాలకు, పరుగెత్తు తెలుగు యువకుడు తన యవస్థ క్రొత్తదని భావింపనక్కరలేదు.

జూడో దుస్తుల నమూనాను అనుసరించి తెల్లని నూలుబట్టతో కుట్టిన అభ్యాసవస్త్రము, 1924లో మొదలైన డాన్ అను అంతస్తుల పద్ధతి — ఇవన్నియు కోడోకాన్ ఒరవడివలన కరాటేకు సంక్రమించినవే. 1930ల చివరిభాగమున శిష్యులు చందాలు పోగుచేసి మెజిరోలో ఫునకోషికి డోజో కట్టించి, ఆయన కవితానామముతో దానికి షోతోకాన్ అని పేరిడిరి. 1945 నాటి బాంబుదాడులలో అది భస్మమైపోయెను. ఆయనతోపాటు మియగి చోజున్ గోజూర్యూ బాణీని, మబుని కెన్వా షితోర్యూను, ఓత్సుక హిరోనోరి వాదోర్యూను నెలకొల్పిరి. జపానులో ప్రధానముగా చెప్పుకొను నాలుగు బాణీలు ఇవియే. మన జిల్లాలలోని శిక్షణకేంద్రముల బోర్డులపై కనబడు పేర్లు కూడ ఎక్కువగా వీనిలోనివే.

ఇక్కడ నొకింత ఆగి మన యింటివైపు చూడవలెను. గురజాలకు చేరువనున్న కారంపూడిలో, నాగులేటి యొడ్డున, ఏటేట కార్తీక అమావాస్యతో మొదలై రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను పేర్లతో ఐదు దినములు పలనాటి వీరారాధనోత్సవము జరుగును. పండ్రెండవ శతాబ్దపు యుద్ధమున మడిసిన వీరుల ఆయుధములను, కొణతములను ఆచారవంతులు భుజమున మోసికొని వచ్చి పూజింతురు. ఆయుధమును ఇంత భక్తితో నిలుపుకొన్న సీమ మరియొకటి అరుదు. అయినను ఆ ఆయుధమును పట్టిన చేతి యొడుపు ఏమైనది? తాలీంఖానాలలో నేర్పిన కత్తిసాము, కర్రసాము నేడు పీర్ల పండుగకో, ఊరి జాతరకో వీధిలో కొంతసేపు కనబడి మరుగగుచున్నవి. పలనాటికిని ఒకినావాకును శౌర్యములో తారతమ్యమేమియు లేదు. అక్కడ నొక ఇతోసు తన విద్యను బడికి తీసికొనిపోయి, అడుగడుగునకు క్రమము కల్పించి, దరఖాస్తు వ్రాసి అధికారులను ఒప్పించెను. ఇక్కడ ఆ పని చేసినవారు లేకపోయిరి. అందువలననే మన పిల్లవాడు తాత చేసిన కర్రసాము నెరుగడు, ఒకినావా తాత కూర్చిన కటాను మాత్రము తడుముకొనకుండ చేయగలడు. దీనికి కరాటేను నిందించుట అన్యాయము. నేర్చుకొనవలసిన పాఠము ఆ విద్యలోనే యున్నది.

మరియొక సంగతి. కాంచీపురమునుండి చీనాకు పోయిన బోధిధర్ముడే షావొలిన్ మఠములో యుద్ధవిద్యను నేర్పెననియు, కావున కరాటే మూలము మనదేయనియు మన శిక్షకులు కొందరు సగర్వముగా చెప్పుచుందురు. బోధిధర్ముని ధ్యానసంప్రదాయము సత్యమే గాని, ఆయనకు యుద్ధవిద్యను ముడివేసిన గ్రంథము ఆయన కాలమునకు వేయి సంవత్సరములకు పైబడి తరువాత, పదునేడవ శతాబ్దములో వెలసినదని పండితులు తేల్చియున్నారు. జపానుతో మన సీమకు సంబంధము కావలెనన్నచో అంతకంటె దృఢమైనది వేరొకటి కలదు: నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు ఎనిమిది శాఖలకు మూలగురువుగా నేటికిని స్మరింతురు. ఉన్న గౌరవము చాలును. లేనిదానిని కల్పించుకొని డోజోలో చెప్పినచో అక్కడివారు మర్యాదగా తలయూపుదురు గాని, మనస్సులో తగ్గింతురు.

మన ప్రాంతమునకు ఈ విద్య ప్రధానముగా వెండితెర మార్గమున వచ్చినది. 1973లో వెలువడిన ఎంటర్ ది డ్రాగన్ చిత్రము ప్రపంచమంతట రేపిన గాలి మదరాసు మీదుగా మన పట్టణములకును వీచెను. బ్రూస్ లీ అభ్యసించినది చీనా విద్యయే యైనను, ఆయన బొమ్మ గోడకు అంటించుకొని కరాటే నేర్చినవారు ఆ తరమున పలువురు. బాపట్లలో జన్మించిన పవన్ కల్యాణ్, చిత్రసీమకు రాకపూర్వము మదరాసులో షిహాన్ హుసైనీ వద్ద కరాటే, కిక్‌బాక్సింగు అభ్యసించినవాడు. 2025 మార్చిలో హుసైనీ పరమపదించినపుడు పవన్ కల్యాణ్ ప్రకటించిన సంతాపములో, గురువు మొదట నేర్పనని చెప్పగా తాను ప్రాధేయపడి ఒప్పించితిననియు, తెల్లవారుజామున పోయి సాయంకాలము వరకు ఆయన సన్నిధినే యుండెడివాడననియు, ఆ శిక్షణయే 1999 నాటి తమ్ముడు చిత్రములోని శిక్షణ ఘట్టములకు తోడ్పడినదనియు చెప్పెను. ఆ చిత్రములోని పోరాటములను చూచి చేరినవారు వేలకొలది యుందురు. గురువు కాదన్నను వదలక ఆయన వాకిట నిలిచిన శిష్యుని కథను విని చేరినవారు తక్కువ. జపానుకు పోవువానికి ఆ రెండవ కథయే ఉపకరించును.

ఎందువలననగా అక్కడి డోజోలో తొలుత ఎదురగునది పోరాటము కాదు, నిరీక్షణము. మన యూరిలో నల్లబెల్టు సంపాదించినవాడైనను ఇతర సంస్థ పట్టాను అక్కడ యథాతథముగా అంగీకరించు ఆచారము సామాన్యముగా లేదు. తెల్లబెల్టుతో వరుస చివర నిలువుమని చెప్పుదురు. లేదా నల్లబెల్టు కట్టుకొననిచ్చినను ఆ సంస్థ పరీక్షలో మరల నిలువవలెను. ఇది అవమానమని తలచి మొదటి వారములోనే మానుకొనువారు లేకపోలేదు. నా యభిప్రాయమున ఇదియే అక్కడి శిక్షణలో ప్రథమపాఠము. ఇచ్చట పలుచోట్ల రుసుము కట్టి కొలది నెలలకొక రంగు చొప్పున బెల్టులు మార్చుకొనుట పరిపాటియైపోయినది. పిల్లవానికి ఉత్సాహము, తలిదండ్రులకు సంతోషము, శిక్షకునికి జీవనము కలుగుట నిజమే. అయినను పాదము నేలపై సరిగా నిలువకమునుపే నల్లబెల్టు నడుమునకు చేరుట ఆ పిల్లవానికే నష్టము. ఇట్లు చెప్పుట మన మాస్టార్లను చులకన చేయుట కాదు; మండుటెండలలో, పైకప్పు లేని నేలపై, చాలీచాలని ఆదాయముతో వారు చేయుచున్న సేవ సామాన్యమైనది కాదు.

జపాను డోజోలో ఒక సాయంకాలము ఎట్లు గడచునో కొంచెము దగ్గరగా చూతము. వాకిట చెప్పులు విడిచి, వాని ముందుభాగము బయటివైపు తిరిగియుండునట్లు సర్ది, గడప దాటుచు వంగి నమస్కరింతురు. అంతస్తును బట్టి వరుస తీర్చి, మోకాళ్ళు మడచి మడమలపై కూర్చుండి, కన్నులు మూసి కొంతసేపు మౌనము వహింతురు. పిదప పెద్దశిష్యుని కేకపై గోడనున్న పీఠమునకును, గురువునకును, ఒకరికొకరికిని వందనము. తరువాత మొదలగునది కిహోన్, అనగా మూలాభ్యాసము: గుద్దు, అడ్డు, తన్ను, నిలుకడ. అంకెలు లెక్కించుచుందురు, చేయుచుందురు. పది ముగిసిన మరల ఒకటినుండి. కొత్తవానికిని, ముప్పదియేండ్లుగా చేయుచున్నవానికిని అదే గుద్దు, అదే అంకె.

ఆ గుద్దునే తీసికొందము. ఎడమకాలు ముందుకు మడచి, కుడికాలు వెనుకకు చాచి, కుడిపిడికిలితో కొట్టుదెబ్బ. చూచువారికి చేయి మాత్రమే కదలినట్లుండును. కాని దెబ్బ మొదలగునది వెనుకకాలి మడమ నేలను నొక్కుటలో. ఆ ఒత్తిడి మోకాలి మీదుగా తుంటికి ఎక్కును. తుంటి ముందుకు తిరుగును. తిరిగిన తుంటి భుజమును త్రోయకుండ చేతిని పంపును. నడుముకడ వెల్లకిల నున్న పిడికిలి గమ్యమును చేరునప్పుడు మాత్రమే బోర్ల తిరుగును. అదే క్షణమున ఎడమచేయి వెనుకకు నడుము చేరును, ఊపిరి బిగియును, మరుక్షణమే సడలును. మడమ అంగుళము లేచినను బలమంతయు నేలలోనికి జారిపోవును. గురువు వరుసల మధ్య నడచుచు, కళ్ళములో కూర్చున్న ముసలవ్వ ఎఱ్ఱని రాశిలోనుండి తాలుకాయను చూడగానే వేలితో ఏరివేయునట్లు, నలువదిమందిలో లేచిన ఆ యొక్క మడమను చూచి, మాటాడకుండ తన పాదముతో తట్టి ముందుకు సాగును. మెచ్చుకోలు లేదు, తిట్టు లేదు, వివరణ లేదు. ప్రశ్నించి తెలిసికొనుటకు అలవాటుపడిన మన విద్యార్థికి ఈ మౌనము తొలుత కఠినముగా తోచును; కొన్ని నెలలకు, తన మడమను తట్టకుండ గురువు ముందుకు పోయిన దినమున, అతనికి దాని భావము తెలియును.

అభ్యాసము ముగిసిన పిదప నేలను తడిగుడ్డతో తుడుచుట అందరి విధి. రెండు చేతులతో గుడ్డను నేలకు నొక్కి, వంగినవారు వంగినట్లే ఈ గోడనుండి ఆ గోడకు పరుగెత్తుదురు. ఇది సేవయు, తొడలకు శిక్షణయు కూడ. ముందు చేరినవారు సెన్‌పాయి, వెనుక చేరినవారు కోహాయి; వయస్సుతో, ఉద్యోగముతో నిమిత్తము లేదు. పెద్ద కంపెనీలో ఇంజనీరైనను ఇరువదియేండ్ల సెన్‌పాయి చెప్పినట్లు నడువవలసినదే. అన్న, బావ, బాబాయి యని వరుసలు కలిపి పిలుచుకొను మన పల్లెలనుండి పోయినవారికి ఈ పెద్దచిన్నల మర్యాద త్వరగానే పట్టుబడును.

శరీరమునకు కలుగు ఇబ్బంది వేరు. రెంటచింతల యెండలకు పెరిగిన దేహము టోక్యో జనవరి చలిని, సున్నకు చేరువైన ఉదయములను, ఆ చలిలోని చెక్కనేలపై వట్టిపాదములతో నిలుచుటను ఊహింపజాలదు. కాన్‌గెయికో యను శీతకాలపు విశేషాభ్యాసమును జపానువారు కావలెననియే అత్యంత శీతలదినములలో తెల్లవారుజామున పెట్టుకొందురు. వేసవిలో అట్లే ఉక్కపోత దినములలో మరియొకటి. చలికి పాదములు చచ్చుబడును, వ్రేళ్ళ చర్మము పగులును. తిండి మాట చెప్పనక్కరలేదు. గోంగూర, పండుమిరపకారము లేక ముద్ద దిగనివారికి అక్కడి వంటకములు చప్పగా తోచుట సహజము. టోక్యోలో భారతీయులు ఎక్కువగా నివసించు నిషికసాయి ప్రాంతమున మన దినుసులు దొరకును. అమ్మ పంపిన కారప్పొడి సీసా అనేకమంది శిష్యులను నిలిపినదని నేను నమ్ముదును.

అనుమతుల విషయమున స్పష్టత ముఖ్యము. జపాను ప్రభుత్వము సాంస్కృతిక కార్యకలాపముల వీసా యనునొకదానిని ఇచ్చును. నిపుణుని శిక్షణలో జపాను సంప్రదాయవిద్యను అభ్యసించుటకు వచ్చువారికి ఇది వర్తించును. అయితే దానిపై వేరుగా అనుమతి లేనిదే సంపాదించు పని చేయరాదు. కావున ఖర్చులకు ముందే ఏర్పాటుండవలెను, స్వీకరించు గురువునుండి లేఖ యుండవలెను. విద్యార్థివీసాపై పోయినవారు అనుమతి పొంది వారమునకు 28 గంటల వరకు పనిచేయవచ్చును. ఉద్యోగవీసాగలవారికి చిక్కులేదు, ఊరూర పురపాలక వ్యాయామశాలలలో తక్కువ రుసుముతో సాయంకాలపు తరగతులు జరుగును, పక్కన ఏడేండ్ల పిల్లలు, డెబ్బదేండ్ల తాతలు కలిసి చేయుచుందురు. టోక్యో ఈదబాషి ప్రాంతమునకు చేరువనున్న జపాను కరాటే సంఘపు ప్రధాన డోజో వంటి చోట్ల విదేశీయులు ఏండ్ల తరబడి శిక్షణ పొందుచున్నారు. 1949లో స్థాపితమైన ఆ సంఘము 1956నుండి శిక్షకులను తయారుచేయు కఠినమైన ప్రత్యేక శిక్షణను నడపుచున్నది.

ఇక పోటీలు. ఫునకోషి పోటీల కనుకూలుడు కాడు. స్వేచ్ఛగా కలియబడి కొట్టుకొనుట ఈ విద్య మర్యాదకు భంగమని ఆయన నమ్మెను. ఆయన 1957 ఏప్రిలులో కన్నుమూయగా, ఆ యేటనే జపాను కరాటే సంఘపు తొలి అఖిల జపాను పోటీలు జరిగెను. ఆ పోటీలలో చేయి విరిగియుండియు దిగి కుమితే, అనగా ద్వంద్వయుద్ధ విభాగమును గెలిచిన కనజవ హిరోకజు పేరును కరాటే లోకము నేటికిని మరువలేదు. నాటినుండి పోటీలు పలు మార్గముల చీలినవి. ఆ సంఘపు పద్ధతిలో ఒక్క నిర్ణాయకమైన దెబ్బతో పందెము ముగియును. నిజముగా తగిలినచో ప్రాణము తీయగల దెబ్బను చర్మపు అంచున నిలుపగలవాడే విజేత. 1923లో కొరియాలో పుట్టి జపానులో స్థిరపడిన ఓయమ మసుతత్సు నెలకొల్పిన క్యోకుషిన్ బాణీలో దెబ్బలు పూర్తిబలముతో తగులును. ముఖముపై పిడికిలి మాత్రము వాడరాదు. ఒలింపిక్సులో కనబడినది ప్రపంచ కరాటే సమాఖ్య పద్ధతి: మూడు నిమిషముల వ్యవధి, గుద్దునకు ఒకటి, మొండెముపై తన్నునకు రెండు, తలకు తన్నినను పడవేసి కొట్టినను మూడు పాయింట్లు, ఎనిమిది పాయింట్ల ఆధిక్యము వచ్చిన అక్కడికే గెలుపు.

దెబ్బను నిలుపుట యనగా నేమో 2021 ఆగస్టు 7న లోకమంతయు చూచెను. 1964లో జూడో కొరకు కట్టిన నిప్పోన్ బుదోకాన్ భవనములోనే కరాటే ఒలింపిక్సులో తొలిసారి ప్రవేశపెట్టబడినది. 75 కిలోలకు మించిన పురుషుల తుదిపోరులో సౌదీ అరేబియా యోధుడు తారెగ్ హమెది 4–1తో ముందుండి, ఇరానుకు చెందిన సజ్జాద్ గంజ్‌జాదే తలపై తన్నగా, గంజ్‌జాదే స్పృహ తప్పి నేలకొరిగెను. నిర్ణేతలు సంప్రదించుకొని హమెదిని అనర్హునిగా ప్రకటించిరి. స్పృహ లేక స్ట్రెచరుపై బయటకు పోయినవానికి స్వర్ణపతకము దక్కెను. పడగొట్టినవాడు ఓడుటేమని మనవారు పలువురు విస్తుపోయిరి. కరాటే దృష్టిలో అందు వింత లేదు. ఎదుటివాని దేహమును కాపాడుట కూడ కొట్టువాని విద్యలోని భాగమే. దానికి ముందునాడు కటా విభాగమున కియునా ర్యో స్వర్ణము గెలిచి, కన్నుమూసిన తన తల్లి చిత్రపటమును చేతబట్టుకొని వేదిక నెక్కెను. అతడు ఒకినావా బిడ్డడు. ఆ దీవికి అదియే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణము. తరువాతి పారిస్ ఒలింపిక్సులో కరాటేకు స్థానము లేకపోయెను గాని, 1994 హిరోషిమానుండి ఆసియా క్రీడలలో అది నిలిచియున్నది.

జపానులో నివసించు విదేశీయుడు అంత ఎత్తునకు పోనక్కరలేదు. పట్టణస్థాయిలో, జిల్లాస్థాయిలో, ఆయా సంఘముల ఆధ్వర్యమున ఆదివారములలో పోటీలు జరుగును. డోజో ద్వారా పేరు నమోదు చేసికొని, ప్రమాదబీమా రుసుము కట్టి పాల్గొనవచ్చును. ఉదయముననే సభ్యులందరు చాపలు పరచుదురు. ఓడినవాడు ఇంటికి పోక తరువాతి పందెములకు జెండాపట్టియో, లెక్కలు వ్రాసియో తోడ్పడును. సాయంకాలము అందరు కలిసి చాపలు చుట్టుదురు. మన యొద్ద అంతర్జాతీయమని బ్యానరు కట్టి, వచ్చినవారిలో ఎక్కువమందికి ఏదో యొక పతకము మెడలో వేసి పంపు పోటీలను చూచినవారికి, పతకమే లేక తిరిగిపోయినవాడు కూడ సంతృప్తితో చాప చుట్టు ఆ దృశ్యము కొత్తగా నుండును. మన రాష్ట్రములో సమగ్ర శిక్ష క్రింద, రాణీ లక్ష్మీబాయి పేరిట, బడులలో బాలికలకు మూడు నెలలు ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చుచున్నారు. ఆ మూడు నెలలతో ఆగక కొనసాగించు బాలికలకు ఇట్టి నిరాడంబరమైన ఆదివారపు పోటీలు మన మండలకేంద్రములలో నున్న యెంత మేలు!

జపాను పోయి టోక్యోలోనే యుండి తిరిగివచ్చుట సగము యాత్రయే. సెలవులలో విమానమెక్కి ఒకినావా పోవలెను. అక్టోబరు 25ను ఆ జిల్లా శాసనసభ 2005లో కరాటే దినముగా నిర్ణయించినది. 2016 అక్టోబరులో నాహా ప్రధానవీధిలో 3,973 మంది ఒక్కసారిగా ఒకే కటా చేసి గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. 2017 మార్చిలో తొమిగుసుకు నగరమున ఒకినావా కరాటే కైకాన్ అను భవనము వెలసినది. అందు విశాలమైన డోజో, ప్రదర్శనశాల, పాత గురువుల వస్తువులు, ఏ కటా ఎవరినుండి ఎవరికి సంక్రమించెనో చూపు వంశవృక్షములు కలవు. వీధులలో ఇంటి క్రిందిభాగమునే డోజోగా మార్చుకొన్న వృద్ధగురువులు నేటికిని పెరటిలో మకివర కొయ్యను, గడ్డితాడు చుట్టి, దినదినము పిడికిలితో తాకుచున్నారు. మన యువకుడు అక్కడ కొన్ని వారములుండి, తన గుద్దును సరిదిద్దుకొనుటతోపాటు, వారు అడుగులను ఎట్లు చిత్రించి పెట్టుకొనిరో, పేర్లను ఎట్లు వ్రాసి యుంచిరో, పిల్లలకు ఏది ముందు ఏది వెనుక నేర్పుదురో ఒక నోటుబుక్కులో వ్రాసికొని రావలెను. పలనాటిలోను, ఒంగోలు ప్రాంతపు పల్లెలలోను కర్రసాము ఎరిగిన పెద్దలు ఇంకను మిగిలియున్నారు. తిరిగి వచ్చిన పిమ్మట వారి యెదుట కూర్చుండి, కర్ర పట్టించి, ఒక్కొక్క అడుగును అదే నోటుబుక్కులో తరువాతి పుటలయందు వ్రాసికొనవచ్చును.